నూట పన్నెండు వాళ్ళ ఫోన్ నంబరు

మా కాలనీలో మనుషులకి పేర్లు ఉండేవి గానీ వాటితో పెద్దగా పని ఉండేది కాదు. పవర్ ప్లాంటులో ఉద్యోగం చేసే ప్రతి కుటుంబానికీ ఒక క్వార్టరు, దానికో నంబరు. ఇంటిపేరైనా ఒంటిపేరైనా అదే. "నూట నాలుగు ఆంటీ పచ్చడి పంపింది", "ఎనభై ఏడు అంకుల్‌కి ఈ వారం బి షిఫ్టట". రాయచూరు దగ్గర, కృష్ణ ఒడ్డున, గేటు దాటితే కన్నడం వినిపించే చోటికి గుంటూరు నుంచి, వరంగల్ నుంచి, నంద్యాల నుంచి వచ్చి పడ్డవాళ్ళం మేమంతా. మాది నూట పదకొండు. మా గోడకి ఆనుకుని నూట పన్నెండు.

నూట పన్నెండులో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. రాయచూరులో కాలేజీకి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం, ఒకే బస్సులో వచ్చేవాళ్ళం, ఆ మధ్యలో తిన్నదీ తాగిందీ కూడా ఒకటే. ఆరేసిన బట్టల మీద చిమ్నీ బూడిద పడితే వాళ్ళ తీగ మీదివి నేను, మా తీగ మీదివి తను దులిపేవాళ్ళం. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, మాకూ తెలీదు. డిగ్రీ అయిపోయాక ఇద్దరం కలిసి కంప్యూటర్ కోర్సులో చేరాలని ఫారాలు కూడా తెచ్చి పెట్టుకున్నాం.

ఆ ఏడే వాళ్ళ నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలని తెలుసు గానీ, రాయచూరులోనే ఇల్లు తీసుకుంటాంలే అని ఆమె నాతో చెబుతూ వచ్చింది. నంద్యాల వెళ్ళిపోతున్నారని నెల ముందే తెలిసి కూడా నాకు చెప్పలేదు. లారీ వచ్చి, వెనక్కి తిరిగి, వాళ్ళ గుమ్మం ముందు ఆగాకే నాకు తెలిసింది. నాకు ముక్కు మీద కోపం. లోపలి గదిలోకి పోయి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. అమ్మ రెండుసార్లు వచ్చి పిలిచింది, పలకలేదు. లారీ చప్పుడు మలుపు దాటాక లేచాను. బయటికి వచ్చి చూస్తే వాళ్ళ తీగ మీద ఒక్క బట్ట కూడా లేదు.

అడ్రసు తీసుకోవాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఎవరిని వెతకాలన్నా నంబరు చెబితే చాలుననుకునే మనుషులం కదా. ఆ తరువాత పన్నెండేళ్ళు ఆమెకి ఒక్క మాట చెప్పాలని నాలో నేనే సాధన చేసుకుంటూ గడిపాను. "ఆ రోజు కోపంతో రాలేదే, నన్ను క్షమించు" అని. చెప్పడానికి మనిషి నంద్యాలలో ఏ మూల ఉందో తెలియదు.

ఈలోగా మా నాన్నా రిటైరయ్యాడు. కాలనీ గేటు బయట బజారు వెనకాల అద్దెకి దిగాం. నేను బజారులోనే మిక్సీలు, ఫ్యాన్లు, కూలర్లు బాగుచేసే షాపులో కుదిరాను. యజమానిది యరగేర అనే ఊరు. అరవై దాటినవాడు, అందరూ కాకా అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. మిక్సీ గిర్రున తిరిగే చప్పుడు విని ఏం పోయిందో చెప్పేవాడు గానీ, ఎవరిది ఎప్పుడొచ్చిందో చెప్పమంటే తల గోక్కునేవాడు. బాగుకొచ్చిన ప్రతి వస్తువుకీ ఒక అట్టకార్డు ఉండేది. దాని మీద క్వార్టరు నంబరు, ఇంటాయన పేరు, ఫోన్ ఉంటే ఫోన్. ఇరవై ఏళ్ళ కార్డులు బిస్కెట్ డబ్బాల్లో నిండి అటక మీద ఉండేవి.

వ్యాపారాలకి పనికొచ్చే సాఫ్ట్‌వేరు ఒకటి ఉచితంగా దొరుకుతుందని, ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చని నేనే కాకాకి చెప్పాను. కాబట్టి తరువాత పడిన తిప్పలకి ఇంకెవరినీ అనడానికి లేదు. ఎక్కించడానికే మూడు రోజులు పట్టింది. మొదటి రోజు అంతా సవ్యంగా ఎక్కినట్టే చెప్పింది, తెరిస్తే తెల్ల పేజీ. కంప్యూటర్లో ఇంకో ప్రోగ్రాం ముందే అదే దారిలో అడ్డంగా కూర్చుందని రెండో రోజు తెలిసింది. దాన్ని లేపి పక్కకి జరిపేసరికి కరెంటు పోయింది. ఎదురుగా చిమ్నీలు పొగ వదులుతూ రాష్ట్రానికంతా కరెంటు పంపుతుంటే మా షాపులో మాత్రం ఫ్యాను ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, ఇంకా లేస్తలేదా?" అన్నాడు కాకా.

"లేస్తోంది కాకా, మళ్ళీ పడుకుంటోంది."

"మన తానకొచ్చే మిక్సీలు గూడ గట్లనే. తొందరపడితె చెయ్యి కోస్తయ్."

ఈ సాఫ్ట్‌వేరు ఏ కంపెనీదీ కాదు. అందరూ కలిసి రాసింది. అందుకని ఫోన్ చేసి తిట్టడానికి కూడా ఎవరూ లేరు. ఇంటర్నెట్‌లో ఒక చోట మన గోడు రాసుకుంటే, ఎక్కడో ఎవరికో తీరికైనప్పుడు జవాబిస్తారు. అలా రాసుకుంటూ, జవాబుల కోసం చూసుకుంటూ మూడో రోజు మధ్యాహ్నానికి నిలబెట్టాను. కాకా జిలేబీ తెప్పించాడు.

ఇక డబ్బాలు దింపి కార్డులు ఎక్కించడం మొదలుపెట్టాం. గిరాకీ ఒక్కొక్కరికీ ఒక కోడ్ ఇవ్వాలంది సాఫ్ట్‌వేరు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా క్వార్టరు నంబరు ఇచ్చాను. కాలనీ పిల్లని, నాకు ఇంకేం తోస్తుంది?

పాత డబ్బాలు నా వంతు. రెండో డబ్బాలో సగానికి వచ్చేసరికి ఆ కార్డు దొరికింది. నూట పన్నెండు. మిక్సీ. కింద ఆమె నాన్న చేతిరాత, ఎత్తుగా, నిటారుగా: "ఊరు వెళ్ళిపోతున్నాము. అటు ఎవరైనా వస్తే పంపగలరు." దాని కింద నంద్యాల ఫోన్ నంబరు. కాకాని అడిగితే గుర్తు తెచ్చుకున్నాడు. ఆ మిక్సీని సిమెంటు లారీ డ్రైవరుతో ఎప్పుడో పంపించేశాడట. పన్నెండేళ్ళుగా ఆ నంబరు ఈ అటక మీదే, ఇప్పుడు నేను కూర్చునే చోటికి సరిగ్గా పైనే ఉంది!

కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ నిమిషమే ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. నంబరు కంప్యూటర్లో ఎక్కించి, పనంతా అయ్యాక చేద్దాంలే అనుకున్నాను. భయమేసిందని ఒప్పుకోవడం కంటే పని ఉందని చెప్పుకోవడం సులువు.

కొత్త డబ్బాలు కాకా కోడలి వంతు. ముదగల్ పిల్ల, ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, చెయ్యి మాత్రం చురుకు. నేను అవతల ప్రింటరుతో కుస్తీ పడుతుంటే మధ్యమధ్యలో కేకేసేది. "అక్కా, ఈ నంబరు మొదలే ఉన్నదంట. మార్చాల్నా?"

"మార్చెయ్," అనేదాన్ని, తల కూడా తిప్పకుండా.

"ఆయ్తు అక్కా," అని కన్నడంలో సరేననేది.

రెండు రోజులు అదే మాట, అదే జవాబు. అన్నీ ఎక్కాయి కాకా అని నేనే చెప్పాను. ఆయన సంతోషంగా డబ్బాలన్నీ పాత పేపర్లాయనకి ఇచ్చేశాడు.

మరో మూడు రోజులకి నూట పన్నెండు నుంచి ఒకాయన కూలరు తెచ్చాడు. నంబరు కొట్టాను. ఆయన పేరు, ఆయన సెల్ నంబరు వచ్చాయి. ఆయన వెళ్ళాక పాతవాళ్ళ కోసం వెతికాను. లేరు. నూట నాలుగు ఆంటీ లేదు, ఎనభై ఏడు అంకుల్ లేడు. ఆ ఇళ్ళల్లో ఇప్పుడున్నవాళ్ళే ఉన్నారు. అప్పుడు అర్థమైంది. కోడలు అడిగినప్పుడల్లా, ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ మీద కొత్తగా దిగినవాళ్ళని రాయమని నేనే చెప్పాను. సాఫ్ట్‌వేరు తప్పేం లేదు. నంబరు ఒకటైతే మనిషీ ఒకరే అనుకుంది. మా కాలనీలో మనుషులు వెళ్ళిపోతారు, నంబరు మాత్రం అక్కడే ఉంటుందని దానికి చెప్పాల్సింది నేను.

చెప్పులు కూడా వేసుకోకుండా పాత పేపర్లాయన దగ్గరికి పరిగెత్తాను. మూటలు ముందురోజే రాయచూరు వెళ్ళిపోయాయన్నాడు.

"గింత పరేషాన్ ఎందుకు బిడ్డా? పోయిన గిరాకీలు ఇగ మళ్ళొస్తరా?" అన్నాడు కాకా.

ఆ మాటకి ఏడుపొచ్చేసింది. ఆయన మీద గట్టిగా అరిచాను కూడా. అరిచి, అప్పుడు మొత్తం చెప్పాను, లారీ సంగతీ, దుప్పటి సంగతీ. అప్పటిదాకా అమ్మకి కూడా చెప్పని మాటలు.  మర్నాడు పొద్దున కాకా వచ్చి షట్టరు సగమే ఎత్తి, "ఇయ్యాల మిక్సీలు బంద్. నువ్వు గా పిల్లను ఎతుకు," అన్నాడు.

నాకొచ్చిన ఇంగ్లీషులో నా గోడంతా మళ్ళీ ఇంటర్నెట్‌లో రాసి పెట్టాను. వెతికినన్ని చోట్లా వెతికాను. మధ్యాహ్నానికి ఎవరో పుణ్యాత్ముడు రెండు వాక్యాలు జవాబిచ్చాడు. మార్చిన ప్రతిసారీ పాతది కూడా లోపల దాస్తుందట. ఎక్కించేటప్పుడు నువ్వే దాన్ని కనపడకుండా చేసి ఉంటావు, చూసుకో, అని. నిజమే. పాత కంప్యూటరు, బరువు తగ్గుతుందని కనపడిన టిక్కులన్నీ తీసేసింది నేనే. ఆ టిక్కు మళ్ళీ పెట్టి మొదటినుంచి లేపితే లేవలేదు. రెండోసారీ లేవలేదు. మూడోసారి లేచింది.

నూట పన్నెండు తెరిచాను. కింద చిన్న అక్షరాల్లో పాత పేరు, బాణం గుర్తు, కొత్త పేరు. దాని కింద పాత ఫోన్ నంబరు, బాణం, కొత్త నంబరు. ఆమె నాన్న పేరు చూసి చెయ్యి స్క్రీను మీద పెట్టాను. నంబరు కాగితం మీద రాసుకున్నాను. ఈసారి రెండు కాగితాల మీద.

చేస్తే, ఈ నంబరు లేదంది ఫోను. కాకా చెయ్యి చాపి కాగితం తీసుకుని చూశాడు. "ఊరి కోడ్ పోను అంకెలు ఐదే ఉన్నయ్. ఫోనోళ్ళు మధ్యల అందరికీ ఒక అంకె కలిపిన్రు. ఐదింటికి ముందల రెండు అంకె కొట్టు," అన్నాడు. కొట్టాను. మోగింది.

అది వాళ్ళ మేనమామ ఇల్లు. ఆయన పక్కింటికి కేకేసి ఆమె అమ్మని పిలిచాడు. నా పేరు చెప్పాను. ఆవిడకి నేనెవరో తెలియలేదు. "నూట పదకొండు అమ్మాయిని, ఆంటీ," అన్నాను.

"ఓయమ్మా, నూట పదకొండా! ఎక్కడుండావు తల్లీ ఇన్నాళ్ళు?" ఆవిడ గొంతు మారిపోయింది. "రెండేండ్ల కిందట నీకోసమే ఆడికి వచ్చింది గదమ్మా నా కూతురు. మీ ఇంట్లో ఎవురో ఉండారంట. అటూ ఇటూ అందరూ కొత్తోళ్ళే. నూట పదకొండు వాళ్ళు యాడికి పోయినారని అడిగితే, మేమే నూట పదకొండు అన్నారంట. గేటు కాడ ఎండలో గంటసేపు బస్సుకోసరం నిలబడి ఎనిక్కి వచ్చేసింది."

బస్టాపు మా షాపుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు మేము గోనెపట్టా దించుకుంటాం. దానికి ఇవతల నేను ఫ్యానుకి రెక్కలు బిగిస్తూ ఉండి ఉంటాను. ఆవిడ ఇంకేదో చెబుతోంది, నాకు సగం వినపడలేదు. నా నంబరు రాసుకోమన్నాను.

గంట తిరక్కుండానే ఫోన్ మోగింది. తనే. పన్నెండేళ్ళు సాధన చేసిన మాట ఉంది కదా, అదే ముందు చెప్పేద్దామని, "మీరు వెళ్ళిపోయిన రోజు నేను బయటికి..." అని మొదలుపెట్టాను.

"తెలుసులేవే," అంది తను అడ్డుపడి. "లారీ ఎక్కేముందు లోపలికి వద్దామంటే, ఒళ్ళు కాలిపోతోంది, నిద్రపోనీ అని మీ అమ్మ ఏడుస్తూ చెప్పింది. నంద్యాల చేరేదాకా డ్రైవరు పక్కన కూర్చుని నీ జ్వరం తగ్గిపోవాలని దండాలు పెట్టుకుంటూనే ఉన్నాను. తగ్గిందో లేదో చెప్పేవాళ్ళు లేరు." అని నవ్వింది, ఆ నవ్వులో ఏడుపు ఉంది. "ఎన్ని రోజులకి తగ్గిందే?"

కాకా, కోడలు నా మొహంకేసే చూస్తున్నారు. మూడు రోజులకి తగ్గిందని చెప్పాను.