నాయుడుగారు దానమిచ్చిన జాగా

1968 జనవరిలో నన్ను గజపతినగరం దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటర్‌గా వేశారు. పల్లెల్లో కాన్పులు చేసే నర్సమ్మల పని చూసుకోవడం, వాళ్ళ తరఫున డాక్టరుగారి చేత చివాట్లు తినడం నా ఉద్యోగం. అప్పుడే, ఏ ఊళ్ళో నర్సమ్మ ఉండే ఉపకేంద్రం పెట్టాలో తేల్చే ప్రణాళిక కోసం మాకు గ్రాంటు వచ్చింది. ప్రణాళిక మార్చి నెలాఖరులోగా పంపాలి, లేకపోతే గ్రాంటు మురిగిపోతుంది. జిల్లా నుంచి ఒక ప్లానింగ్ ఆఫీసరు జీపులో దిగాడు. పటం మీద ఎర్రచుక్క పెట్టడంతోనే ఆ ఊరికి రోగాలు తగ్గిపోయినట్టు మొహం పెట్టేవాడు.

ఉపకేంద్రానికి స్థలం ఊరివాళ్ళే ఉచితంగా రాసివ్వాలని నిబంధన. రాసిచ్చిన ఊరికి, భవనం లేవకముందే నర్సమ్మను పంపుతారు. అయితే దానమనేసరికి మనవాళ్ళకు ఒట్టిపోయిన ఆవే గుర్తొస్తుంది. ఒక ఊళ్ళో ప్రెసిడెంటు అప్పలనాయుడు ఇస్తానన్న అరెకరం శ్మశానాన్ని ఆనుకుని ఉంది. దారి కూడా అందులోంచే. ఆఫీసరు మాత్రం "ప్రశాంత వాతావరణం" అని రాసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అంతకుముందు ఏడు ఊరి దగ్గరి వాగు, అక్కడివాళ్ళ మాటలో గెడ్డ, పొంగి నాయుడి కోడలికి దారిలో బండిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఆ పిల్లకి ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. స్థలం వద్దంటే నర్సమ్మ రాదు. సరేనంటే ఏ ఆడదీ గడప తొక్కని భవనమొకటి లేస్తుంది.

నాయుడి వీధరుగు మీద కాగితాలు తీస్తుండగా, తలుపు వెనక నిలబడిన ఆయన భార్య గౌరమ్మను పిలిచి, కోడల్ని కాన్పుకు ఆ శ్మశానం పక్క జాగాకే తీసుకొస్తారా అని అడిగాను. ఆ సంగతి ఆవిడకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"ఏటీ? పీనుగులెల్లే దోవంట నా కోడలు పురిటికెల్లాలా?" అంటూ బయటికొచ్చి మొగుడి వైపు తిరిగింది. "అంత ముచ్చటగుంటే నువ్వే ఎల్లి కనుకో!"

అరుగు మీద చేరినవాళ్ళంతా గొల్లున నవ్వారు. నాయుడు నసిగాడు. "ఊరుకోయే. ఇంక ఉన్నది రోడ్డు పక్క కల్లమే. అదిచ్చేస్తే నూర్పులెక్కడ సేస్తాం?"

"పోయినేడు బిడ్డ పోనాది. నీకు నూర్పులు కావాలా?"

ఇక ఎవరూ నవ్వలేదు. నాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకుని, కల్లమే రాసుకోమన్నాడు.

చుక్క జరిపితే పటం మళ్ళీ గీయాలని ఆఫీసరు గొణిగాడు. గీయడానికే కదండీ మనకి గ్రాంటిచ్చారు అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ప్రాణం హాయిగా ఉంది.

నర్సమ్మ వేసవిలో ఆ ఊరొచ్చి అద్దెగదిలో దిగింది. శ్రావణంలో నాయుడి కోడలికి ఆమె చేతుల మీదుగా ఆడపిల్ల పుట్టింది. గెడ్డ ఆ వారమూ పొంగింది.

ఆ తరవాత ఏ ఊళ్ళో ఎవరు స్థలం చూపించినా, ముందు వాళ్ళింటి ఆడవాళ్ళను పిలిచి, మీరు ఇక్కడికి కాన్పుకు వస్తారా అని అడిగేదాన్ని. కొందరు దాతలు అక్కడితో దానం మానుకున్నారు. ఆ స్థలాలు పోయినందుకు నేనేమీ బాధపడలేదు.