ఘాటు రాని మిరపకాయలు

పొద్దున పోపులో ఎండుమిరపకాయలు మాడిపోయాయి. పిల్లలు దగ్గుతూ బయటికి పరుగెత్తేదాకా నాకు తెలియనే లేదు.

జనం నమ్మేవన్నీ ప్రయోగాలు చేసి తేల్చే ప్రోగ్రామ్ ఒకటి మన చిన్నప్పుడు కేబుల్ టీవీలో వచ్చేది, గుర్తుందా ఫ్రెండ్స్? “అంతా కెమెరా మాయ” అని మీరు, “కాదు, సైన్సే” అని నేను, బడి దాకా పోట్లాడుకునేవాళ్లం.

మా అమ్మ దిష్టి తీశాక నన్ను వెనక్కి చూడకుండా లోపలికి పొమ్మని, మిరపకాయలు పొయ్యిలో వేసేది. “చూశావా, ఘాటే రాలా. ఎంత దిష్టి తగిలిందో!” అనేది ప్రతిసారీ.

ఆ ప్రోగ్రామ్ పిచ్చిలో ఒకరోజు, దిష్టి తీయని కాయలు నాలుగు అమ్మ చూడకుండా పొయ్యిలో పడేశాను. దగ్గలేక చచ్చాను. అమ్మ మాత్రం పొయ్యి పక్కనే కూర్చుని, “ఏమే, జలుబు చేసిందా?” అంది.

ఏళ్ల తరబడి కూలికి మిరపకాయల తొడిమలు తీసి మొద్దుబారిన ముక్కు అది. అది తెలిశాక మీ ముందు ‘నేనే గెలిచాను’ అని చెప్పుకోలేకపోయాను.

పదిహేనేళ్లుగా నాదీ అదే పని. ఇవాళ మాడిన కాయ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంటే, “నీకు ఘాటు రావట్లేదా అమ్మా?” అంది మా పెద్దది.

“రాలా. మీకు దిష్టి తగిలుంటుందిలే” అన్నాను.