జలగలకు పోసిన పాలు

పాలమూరులో ఒక పశువుల డాక్టర్ రెండు గదుల్లో పరిశోధన చేసేవాడు. అరవయ్యో దశకం మొదట్లో నేను ఆయన దగ్గర చేరాను. నెలనెలా పొడిగించే కొలువు. సీసాలు కడగడం, కుందేళ్లకు గడ్డి వేయడం నా పని. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాణ్ని, గొర్రె కార్జంలో, అంటే కాలేయంలో, పడే జలగ గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా మందలో సగం దానికే పోయింది.

నెత్తురు అరిగించుకోవడానికి ఆ జలగలో ఒక రసం ఊరుతుందట. ఎంజైమ్ అన్నాడు డాక్టర్. ఆ రసాన్ని కుందేలుకు సూది వేస్తే, దాన్ని గుర్తుపట్టే గుణం కుందేలు నెత్తురులో పుడుతుంది. ఆ నెత్తురు మీద తేరిన పసుపుపచ్చ నీళ్లతో, అంటే సీరంతో, గొర్రెను కోయకుండానే రోగం పట్టుకోవాలని ఆయన పట్టుదల.

జలగలను మా బాపు తెచ్చాడు. అమ్రాబాద్ దగ్గర మా ఊళ్లో రోగపు గొర్రెను కోసి, ఏరుకుని బస్సెక్కాడు. నడుమ ఒకసారి మార్చడానికని రెండు సీసాల ఉప్పునీళ్లు ముందే ఇచ్చి పంపాను. "తొవ్వల ఏం పెట్టకు బాపు, కడుపు ఖాళీ గావాలె" అని మరీ మరీ చెప్పాను. వాటి కడుపులో గొర్రె నెత్తురు మిగిలితే కుందేలు దాన్ని కూడా గుర్తు పెట్టుకుంటుంది.

జలగలను కడిగి తీసిన రసంతో కుందేలుకు రెండు నెలలు సూదులు వేశాం. గాజుపలక మీద జెల్లీ పోసి గుంటలు చేశాం. నడిమి గుంటలో కుందేలు సీరం, ఒక పక్క జలగ రసం, ఇంకో పక్క రోగం లేని గొర్రె సీరం. కుందేలు సీరం దేన్ని గుర్తుపడితే ఆ వైపు గీత వస్తుంది; జలగ వైపే రావాలి. మర్నాడు చూస్తే రెండు వైపులా తెల్లటి గీతలు.

"నువ్వు జలగలను సరిగ్గా కడగలేదు. గొర్రె నెత్తురు మిగిలింది. వచ్చే నెల నుంచి రాకు" అన్నాడు డాక్టర్. మూడుసార్లు కడిగానని చెప్పినా వినలేదు.

ఆ వారమే బాపు నన్ను చూడవచ్చాడు. సంగతి విని తలగుడ్డ సర్దుకున్నాడు. తర్వాత నేరుగా డాక్టర్ ముందుకు పోయాడు.

"పోరగాని తప్పు లేదు సారూ. అచ్చంపేటల బస్సు చెడిపోయింది, పొద్దంత గాడనే ఉన్న. జలగలు నీరసపడ్డయి. పాత నీళ్లు పారబోసి, మందోళ్లను అడిగి ఇన్ని గొర్రెపాలు పోసిన. తాగినంక రెండో సీసల ఏసిన."

"నీ మందను తిన్నవి కదా అవి?"

"తిన్నయి సారూ. అయినా ఆకలితోని ఏ జీవాన్నీ తొవ్వ పట్టియ్యం మేము."

డాక్టర్ వెంటనే నన్ను గొర్రెపాలకు పంపాడు. కొత్త గుంటలో ఒక చుక్క వేశాం. మర్నాటికి పాల ముందు గీత నిలబడింది. పాలలో ఉండేవి కొన్ని నెత్తురులోనూ ఉంటాయని, అందుకే గొర్రె సీరానికీ గీత వచ్చిందని డాక్టర్ చెప్పాడు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మూడుసార్లు కడిగిన జలగ కడుపులో కంటికి కనబడనంత పాలు. గొర్రె ముఖమే చూడని కుందేలు రెండు నెలల తర్వాత దానికి సాక్ష్యం చెప్పింది.  ఆ పూట కుందేలుకు ఇంకో గుప్పెడు గడ్డి ఎక్కువ వేశాను.

డాక్టర్ కుందేలు సీరంలో గొర్రె సీరం, పాలు కొంచెం కలిపాడు. గొర్రెను గుర్తుపట్టే గుణం వాటితో కలిసి మబ్బులా అడుగుకు దిగింది. పైన తేరినదాన్ని వేసి చూస్తే జలగ వైపు ఒక్కటే గీత.

నా కొలువు నిలబడింది. మళ్లీ జలగలు కావలసివస్తే ఈసారి నన్నే పంపాడు. తిరుగు ప్రయాణంలో బస్సు ఆగినప్పుడు అందరితో పాటు నేనూ దిగి, అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె విప్పాను. ఖాళీ కడుపు జలగల సీసా ఒళ్లో ఉంది. ముక్క తుంచి, నోట్లో పెట్టుకోలేక, మళ్లీ మూటగట్టాను.