ఒక్క పనీ దాచుకోలేని మెకానిక్

కుట్టుమిషన్ల మెకానిక్ బ్లాగు రాసే పద్ధతే వేరు. రాసింది భార్య చేత పైకి చదివిస్తాడు. తను మిషన్ ముందు కూర్చుని, చెవిన పడినంతే చేస్తాడు. చెయ్యి ఆగిందంటే తప్పు వాక్యానిదే. చదివేవాళ్ల చేతులకు నూనె ఉంటుంది కాబట్టి అక్షరాలు పెద్దవి. ఒక్కో పని, దాని ఫొటోతో సహా, ఫోన్ తెరలో ఇమిడిపోతుంది. ఎవరూ నేర్పలేదు, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాడు.

అది బాగా కుదరడమే కొంపముంచింది. దర్జీలంతా బ్లాగు చూసి ఎవరి మిషన్ వాళ్లే బాగుచేసుకుంటున్నారు. దుకాణంలో తోలుకోవడానికి ఈగలు కూడా లేవు. కుట్టు మధ్యమధ్య తప్పిపోయే రోగం ఒక్కటే ఇంకా రాయలేదు. దానికోసమే ఎవరైనా గుమ్మం తొక్కుతున్నారు. ఇప్పుడు ఒకావిడ బ్లాగు కింద కామెంటులో దాని గురించే అడిగింది.

"అసలైన పని దాచేసి రాయండి," అంది భార్య.

అలాగే రాశాడు. ఆమె చదువుతోంది. అతని చెయ్యి సూది కడ్డీ దగ్గర ఆగింది.

"తర్వాత?"

"సూది బిగించమని ఉంది."

"బిగిస్తే మళ్లీ అదే రోగం. ఆవిడ ఇక్కడే చిక్కుకుపోతుంది."

"చిక్కుకుంటేనే మన దగ్గరికొస్తుంది. అందుకేగా దాచింది!"

"పోనీ, ఇది బ్లాగులో వెయ్యకుండా వదిలేద్దామా?"

"అప్పుడు చదివేవాళ్లూ పోతారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతను రాసిందాన్ని పైనుంచి మళ్లీ చూశాడు.

"ఇలా చేస్తే బాగవుతుందని పైన రాశానే!"

"మీరు హరిశ్చంద్రుడైతే నేను చంద్రమతిని కావాలిగా, నా ఖర్మ!"

సూది కడ్డీ స్క్రూ వదులు చేసి, కింద దారం అందుకునే కొక్కెం మొన సూది కన్నుకు కాస్త పైగా పోయేలా సర్దమని రాశాడు. ఫొటో పెట్టాడు. ఆమె ముఖం ముడుచుకునే చదివింది. ఈసారి చెయ్యి ఆగలేదు. గుడ్డ మీద ఒక్క కుట్టూ తప్పలేదు.

"కుదరకపోతే దుకాణానికి తెమ్మని కింద రాయండి," అందామె. పెద్ద అక్షరాల్లో రాశాడు.

మర్నాడు తుడిచిన మిషన్‌నే మళ్లీ తుడుస్తుంటే, బ్లాగుకు కామెంటు వచ్చిందని ఫోన్ మోగింది.

"ఆవిడేనా? ఏమంటోంది?" లోపల్నుంచి అడిగింది భార్య.

"మొదటిసారికే కుదిరిందట. దుకాణానికి రావాల్సిన పనే పడలేదట."



ఆ కామెంటు కింద ఇంకెవరో, తమది వేరే రకం మిషన్ అని, దానికీ రాయమని అడిగారు. అతను గుమ్మం వైపు చూశాడు. స్టూలు దగ్గరకు లాక్కుని, 'ముందు సూది తీయండి' అని మొదలుపెట్టాడు.