జెరూషా కాసిన కాపలా

కోల్‌కార్డ్ వారింట్లో మగపిల్లలందరూ నౌకాదళానికే వెళ్లారు. తాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో లెఫ్టినెంట్. తండ్రి ఎలిహు యుద్ధనౌకలో సెయిలింగ్ మాస్టర్, అంటే ఓడ ఎటు తిరగాలో, అడుగున ఎంత లోతుందో కెప్టెనుకి చెప్పే అధికారి. అన్న పదిహేనేళ్లకే మిడ్‌షిప్‌మన్‌గా, అంటే అధికారి కాబోయే కుర్రాడిగా వెళ్లి, బ్రెజిల్ తీరంలో జ్వరంతో పోయాడు. ఆ ఇంటి పేరు అంతటితో ఆగిపోయిందని మెయిన్ రాష్ట్ర తీరంలోని ఆ చిన్న ఊరు నిట్టూర్చి ఊరుకుంది. ఇంట్లో జెరూషా అని ఒక కూతురుందని ఎవరికీ తట్టలేదు. ఆడపిల్ల కదా, ఎందుకు తడుతుంది?

ముసలి అధికారులకి ప్రభుత్వం చేసే మర్యాద దీపస్తంభం ఉద్యోగం. ఎలిహుకీ ఒకటి దొరికింది. తీరానికి రెండు మైళ్ల దూరంలో రాతి దిబ్బ, దాని మీద దీపం, పక్కన ఇల్లు. తండ్రీకూతుళ్లకి లోకంలో అదొక్కటే గూడు. యుద్ధంలో మందుగుండు మంట తగిలిన ఆయన కళ్లు ఏటికేడాదీ మసకబారి, 1831 మార్చి పన్నెండున పూర్తిగా పోయాయి. ఆ సాయంత్రం నుంచి నలభై ఆరు మెట్లెక్కి వత్తులు కత్తిరించడం, తిమింగలం నూనె పోయడం, అద్దాలు తుడవడం అన్నీ జెరూషావే. తుఫానులో కిటికీ పగిలిన రోజున దుప్పటి అడ్డుపెట్టుకుని తెల్లారేదాకా నిలబడింది కానీ దీపాన్ని ఆరనివ్వలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఉద్యోగం పోతుంది మరి.

ఓడలో లాగే ఇక్కడా రోజూ లాగ్ పుస్తకం రాయాలన్నది ఎలిహు పెట్టిన నియమం. గాలి ఎటు వీచింది, ఏ ఓడ పోయింది, దీపం ఎప్పుడు వెలిగింది అన్నీ రాసి, కింద సంతకం పెట్టాలి. జెరూషా రోజూ రాసి, కింద తండ్రి పేరు పెట్టేది.

"ఇది నా కాపలా కాదే అమ్మాయ్. ఓడలో ఎవడు కాపలా కాస్తే వాడే సంతకం పెడతాడు," అని ఆయన మొదట్లో గొణిగేవాడు.

"ఓడలో వంటవాడు కూడా ఉంటాడు నాన్నా. ఇక్కడున్నాడా? మాట్లాడకుండా తిను," అనేది జెరూషా.

ఏడేళ్లు అలాగే గడిచాయి. 1838 ఎండాకాలంలో చేపలు పట్టే ఓబెడ్ పైన్ పడవ ఆపి, కబురు చెప్పాడు.

"జెరూషమ్మా, దీపాలన్నీ తనిఖీ చేస్తూ నౌకాదళం లెఫ్టినెంట్ ఒకాయన వచ్చే మంగళవారం ఇటు వస్తున్నాడు. మీ పక్క దీపం ముసలాయనకి చేతులు వణుకుతున్నాయని పీకేశాడంట. మీ దీపం మీద ఈ ఉద్యోగాలిచ్చే కస్టమ్స్ కలెక్టరు బావమరిది కన్నేశాడు, చూసుకో."

ఆ బావమరిదికి సముద్రంతో ఉన్న పరిచయమల్లా భోజనాల బల్ల దగ్గరే. జెరూషాకి ఒళ్లు మండింది. వారం రోజులు తండ్రి చేత సాధన చేయించింది. తలుపు నుంచి బల్లకి ఆరడుగులు, బల్ల నుంచి కిటికీకి నాలుగు. కిటికీ పక్క మేకుకి తాతగారి ఇత్తడి దుర్భిణి. ప్రతి మంగళవారం పదింటికి కలప ఓడ పోతుంది, దాన్ని చూసినట్టు చెప్పాలి.

"తెరచాపలు రెండు, రెండోదానికి మాసిక ఉంది. గుర్తుందా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ ఓడలు చూస్తున్నానే నేను."

"ఇప్పుడు చూడట్లేదుగా. మళ్లీ చెప్పు."

లెఫ్టినెంట్ రూఫస్ లారబీ మంగళవారమే వచ్చాడు. ముప్పై దాటని మనిషి, మాట మెత్తన. పైకెక్కి, తెల్ల రుమాలుతో అద్దాలు రుద్ది, రుమాలు అలాగే తెల్లగా ఉండటం చూసి ఇంకోసారి రుద్దాడు. కిందికొచ్చేసరికి ఎలిహు కిటికీ దగ్గర నిటారుగా నిలబడి దుర్భిణి కంటికి ఆనించాడు.

"కలప ఓడ. రెండో తెరచాపకి మాసిక," అన్నాడు దర్జాగా.

మాట తప్పు కాదు. కానీ దుర్భిణి కొసకి తోలు మూత అలాగే ఉంది. పొద్దున్న తుడిచి మూత పెట్టిన జెరూషా దాన్ని తీయడం మరిచిపోయింది.

లెఫ్టినెంట్ మూత వైపు చూశాడు, జెరూషా వైపు చూశాడు, తర్వాత సముద్రం వైపు తిరిగాడు.

"అవునండీ, మాసికే," అన్నాడు.

జెరూషా పొయ్యి దగ్గరికి వెళ్లి, అక్కర లేకపోయినా చేపల సూప్‌ని కలిపింది. గండం గడిచిందని ఆవిడకి అర్థమైంది. ఆ కుర్రాడి మీద కన్నతల్లికుండేంత ప్రేమ పుట్టుకొచ్చింది.

సూప్, మొక్కజొన్న రొట్టె తింటూ లెఫ్టినెంట్ కబుర్లలో పడ్డాడు.

"మా నాన్న మీ ఓడలో మిడ్‌షిప్‌మన్‌గా చేశాడండీ."

"లారబీ! చెవులు పెద్దవి."

"ఇప్పటికీ పెద్దవే. ఒకసారి నిద్రపోయి, వేరేవాళ్లు కాసిన కాపలాకి తను సంతకం పెట్టాడట. మీరు రోజంతా తెరచాప స్తంభం ఎక్కించి కూర్చోబెట్టారట."

"మధ్యాహ్నం దాకానే. రోజంతా అని చెప్పుకుంటున్నాడా?"

"ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే పాటండీ. చెల్లెలు తుడిచిన బూట్లు నేను తుడిచానన్నందుకు నాకు వీపు చిట్లింది. కాసినవాడే సంతకం పెట్టాలంటాడు."

ఎలిహు నవ్వలేదు. చెంచా కింద పెట్టేశాడు.

లెఫ్టినెంట్ కాగితం తీశాడు. ఈ దీపాన్ని నేనే స్వయంగా చూసుకుంటున్నాను అని దాని మీద రాసుంది. జెరూషా కలం సిరాలో ముంచి తండ్రి చేతికిచ్చి, వేలిని గీత మీదికి జరిపింది. ఎలిహు కాసేపు పట్టుకుని, కలం బల్ల మీద పెట్టాడు.

"నాకు కళ్లు లేవు లెఫ్టినెంట్ గారూ."

"తెలుసండీ. మూత చూశాను."

"చూసి ఎందుకు ఊరుకున్నావు?"

"మా నాన్నకి గురువు మీరు. చేతులాడలేదు."

"అయితే మీ నాన్న నీకు సగమే నేర్పాడు."

"నాన్నా," అంది జెరూషా. "ఇల్లు పోతుంది నాన్నా."

"పోనీ. ఏడేళ్లుగా నీ పని నా పేరున వేసుకుని బతుకుతున్నాను. ఓడలో ఇంకొకడు చేసుంటే స్తంభం ఎక్కించేవాణ్ణి."

లెఫ్టినెంట్ లేచి, అధికారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. చూసింది చూసినట్టు రాస్తానని, నిర్ణయం మాత్రం తన చేతిలో లేదని చెప్పి వెళ్లిపోయాడు.

జెరూషా రెండు రోజులు తండ్రితో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. కోపం పోలేదు కానీ, పళ్లెంలో పెద్ద ముక్క మాత్రం ఆయనకే వేసింది. నిజం చెప్పాలంటే, తన తండ్రిని చూసి ఆవిడకి అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

నవంబరులో ఓబెడ్ ప్రభుత్వం పంపిన ఉత్తరం తెచ్చాడు. ఈ తీరంలో తాను చూసిన దీపాల్లో ఇంతకన్నా శ్రద్ధగా చూసుకున్నది లేదని లెఫ్టినెంట్ రాశాడట. ఇకనుంచి దీపం బాధ్యత జెరూషా కోల్‌కార్డ్‌ది. ఎలిహు ఆ పేరు మూడుసార్లు చదివించుకున్నాడు. బావమరిది ఊళ్లోనే ఉండి భోజనాల బల్ల చూసుకున్నాడు.

"లాగ్ పుస్తకాలన్నీ తియ్యి. నా పేరు కొట్టేసి నీ పేరు రాయి. చివరి పేజీ నుంచి వెనక్కి," అన్నాడు ఎలిహు.

"రెండున్నర వేలకి పైనే ఉంటాయి నాన్నా."

"కాసినప్పుడు లెక్కపెట్టుకున్నావా?"

ఆ చలికాలం మధ్యాహ్నాలన్నీ దానికే సరిపోయాయి. ఆయన పేజీ తిప్పేవాడు, ఆవిడ రాసేది. ఒక రోజున ఆవిడ కలం ఆగింది. ఆ పేజీలో సంతకం వంకరటింకరగా, గీత దాటిపోయి ఉంది.

"ఏ తేదీ?" అన్నాడు ఎలిహు.

"మార్చి పదకొండు, 1831."

ఆయన తడుముకుంటూ ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టాడు.

"అది కాసింది నేనే. దాని జోలికెళ్లకు."