చెప్పు రబ్బరు పంపు

ఆ వానలకు మా నారుమడి మునిగి రెండో రోజు. ఇంకో రెండు రోజులు నీళ్లు నిలిస్తే నారు కుళ్లిపోతుంది. మళ్లీ చల్లడానికి విత్తనం లేదు. గట్టు తెంపి వదులుదామంటే పక్క కాల్వ మడికంటే ఎత్తున పారుతోంది. కరెంటు లేదు. చిట్యాల నుంచి డీజిల్ ఇంజన్ కిరాయికి తేవడానికి నాకు మనసొప్పలేదు.

కొట్టంలో మా ఆయన చేసిన పంపు ఉంది. బోరు వేసినప్పుడు మిగిలిన పీవీసీ గొట్టం, భుజమెత్తు. అడుగున సైకిల్ ట్యూబు ముక్క మూతలా ఉండి, లోపలికొచ్చిన నీళ్లను వెనక్కి పోనివ్వదు. లోపల వెదురు కర్ర, దాని చివర గుండ్రంగా కోసిన రబ్బరు బిళ్ళ. కర్ర పైకి లాగితే నీళ్లు ఎక్కి పక్క మూతి నుంచి కాల్వలో పడతాయి. దానికి ఇద్దరు కావాలి. ఆయన లాగేవాడు, నేను గొట్టం పట్టుకునేదాన్ని.

"కదలనియ్యకు, గట్టిగ పట్టు" అనేవాడు.

"నువ్వు మెల్లగ గుంజు, ఎవరన్న తరుముతున్నరా?" అనేదాన్ని.

ఈసారి తీసి చూస్తే బిళ్ళ ఎండి పగిలింది. నా చెప్పులు అరిగి కాగితంలా అయ్యాయి. మందమైన రబ్బరు ఇంట్లో ఒక్కచోటే ఉంది. ఆయన పోయిన పదకొండో రోజున బట్టలు, మంచం అన్నీ ఇచ్చేశాం. చెప్పులు మాత్రం వడ్ల గుమ్మి వెనక దాచాను. వారం కూడా తొడగనివి, పారేయడమెందుకని. అడిగినవాళ్లకు దొరకలేదని చెప్పాను.

ఎడమకాలిది తీసి కత్తిపీట మీద కోశాను.

గొట్టాన్ని మడిలో పాతిన కర్రకు చీరపేలికతో కట్టాను. నాలుగుసార్లు లాగగానే జారింది. మళ్లీ కట్టాను. గట్టు మీద పోతున్న తండా కోడలు ఆగింది.

"అవ్వా, నేను పట్టుకుంట, జరుగు."

"నీ మడి మునగలేదా?"

"మునిగింది. బకీట్లతోని ఎత్తిపోస్తున్నం."

"మరి గీడ ముచ్చట్లేంది? పో."

"నీ నోటికి వాన గూడ భయపడ్తది అవ్వా" అని నవ్వుకుంటూ పోయింది. పిలిస్తే వచ్చేది. పిలవలేదు.

పొద్దుగూకే వేళకు నారు కొసలు తేలాయి. చేతులు పైకి లేవలేదు. ఒక మూల కుళ్లింది, మిగతాది దక్కింది.

తెల్లారి ఆమె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది.

"జర పంపు ఇస్తవా అవ్వా?"

"కడిగి తెచ్చియ్యాలె. బిళ్ళ చినిగితే మీ చెప్పు కోస్కోర్రి. నా తాన ఇంక లేవు."

కుడికాలిది గుమ్మి వెనకే ఉంది.

వాళ్ల మడి మా గట్టు అవతలే. అతను లాగుతున్నాడు, ఆమె గొట్టం పట్టుకుంది. గొట్టం కదిలినట్టుంది, అతను ఏదో కసిరాడు. ఆమె అంతకంటే గట్టిగా తిరిగి అన్నది. వాళ్ల తండా భాష నాకు రాదు. అయినా ఏమనుకున్నారో తెలిసింది. ఇంటి దగ్గర పని ఉన్నా, నీళ్లు తీసేదాకా గట్టు మీదే నిలబడ్డాను.