సందు గట్లనే ఉండనియ్యి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, పాత ఇంటి తలుపు ఎన్నడూ బాగుచేసి ఉండడు. చేసుంటే ఆ రెండూ వదిలేసి దీని మీదే సామెత కట్టేవాడు. నేను చేశాను. ఒక్క తలుపు బాగుచేసి మా అక్క ప్రాణం మీదికి తెచ్చాను, తాత కట్టించిన గోడ కూల్చాను, ఒక పిల్లికి పురుడు పోశాను. నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వగలుగుతున్నాను.

బోధన్‌లో మా ఇంటి పక్కనే బండ్ల కొట్టం ఉండేది. మట్టిగోడలు, టేకు దర్వాజ చట్రం, దానికి రెండు రెక్కల పెద్ద తలుపు. తాత కాలంలో అందులో ఎడ్లబండి పెట్టేవారు, అరవైల నాటికి బాపు కొన్న పాత జీపు చేరింది. ఆ తలుపు వానాకాలం ఒళ్లు చేసేది, ఎండాకాలం బక్కచిక్కేది. చైత్రం వచ్చేసరికి రెక్కల నడుమ కుక్క దూరేంత సందు. అందులోంచి వడగాలి, చెరుకు బండ్ల దుమ్ము, నిజంగానే ఒక వీధికుక్క, అన్నీ లోపలికొచ్చి జీపు కింద కాపురం పెట్టేవి. ఆ సందును చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇరవై ఏళ్ల వయసు మరి, లోకంలో నేను సరిచేయలేనిది ఏదీ లేదని గట్టి నమ్మకం.

ఆ ఏడు బాపు పసుపు పనుల మీద ఏర్గట్లకు బయలుదేరాడు. పసుపు ఉడికి, ఎండి, అమ్ముడయ్యేదాకా అక్కడే ఉంటాడు. బస్సు కదులుతుంటే నేను కిందినుంచి అరిచాను.

"బాపూ, కొట్టం తలుపు సంగతి నేను సూస్కుంట!"

బాపు కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంజను మోతకు పోటీగా అరిచాడు.

"సందు గట్లనే ఉండనియ్యి! మూయకు!"

నా చెవిలో పడింది మాత్రం, "సందుగ అట్లనే ఉండనియ్యి, మూయకు" అని. మా వైపు బట్టల పెట్టెను సందుగ అంటారు. బయలుదేరే హడావిడిలో బాపు తన సందుగ మూత ఎత్తిపెట్టే వచ్చాడు, అది నేను కళ్లారా చూశాను. సందు గట్లనే, సందుగ అట్లనే. రెంటికీ మధ్య తేడా ఎంతని? ఒక్క రవ్వంత ఖాళీ. నేను ఆ ఖాళీలో పడ్డాను.

ఇంటికొచ్చి అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పాను. "అవ్వా, బాపు సందుగ మూయొద్దన్నడు."

"ఎందుకంట?"

"బట్టలకు గాలి తాకాలె గావచ్చు."

"ఏమో తియ్. ఆయన చెప్పిండంటే ఏదో కథ ఉంటది" అని అవ్వ మళ్లీ సందుగ ఉన్న చీకటి గది వైపే పోలేదు.

నేను తలుపు మీద పడ్డాను. రెక్కల అంచుల పొడుగునా టేకు బద్దలు దిగ్గొట్టాను. సందు మాయమైంది. కుక్క వచ్చి, ముక్కు ఆనించి చూసి, నన్ను తిట్టుకుంటూ వెళ్లిపోయింది. మా జీపు నడిపే కరీం చాచా తలుపు నిమిరి, "వాహ్ బేటా! ఇగ గాలి గూడ నిన్ను అడిగే లోపలికి రావాలె" అన్నాడు. నేను కాలరు సర్దుకున్నాను.

ఆ తర్వాత మిరుగం, అదే మృగశిర కార్తె, వానల్ని వెంటబెట్టుకొచ్చింది.

తొలి కాన్పుకు అక్క మా ఇంటికొచ్చి ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందనీ, నొప్పులు మొదలైతే ఆలస్యం చేయకుండా నిజామాబాద్ దవాఖానకు తీసుకురావాలనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. బాపు వానలో తడుస్తూ ముందురోజు చీకటి పడ్డాక ఏర్గట్ల నుంచి దిగాడు. రాత్రంతా కుండపోత. తెల్లవారగానే అక్కకు నొప్పులు మొదలయ్యాయి.

"కరీం భాయ్, జీపు తియ్!" అన్నాడు బాపు.

చాచా తాళం తీశాడు, గొలుసు పట్టి లాగాడు. తలుపు కదల్లేదు. నేను లాగాను. ఇద్దరం కలిసి లాగాం. నీళ్లు తాగి ఉబ్బిన రెక్కలు ఒకదాన్నొకటి అలాయ్‌బలాయ్ తీసుకున్నట్టు పట్టుకున్నాయి.

బాపు వచ్చి చూశాడు. "అరే, సందేదిరా?"

"మూసిన బాపూ."

"మూయకని జెప్పిన గదరా! వానకు చెక్క ఉబ్బదా?"

"నువ్వు మూయొద్దన్నది నేను మూయలే బాపూ! సందుగ అట్లనే ఉన్నది, ఒట్టు!"

"సందుగనా? గిప్పుడు సందుగ ముచ్చటెందుకురా, పిచ్చోడా!"

అరుగు మీదినుంచి అక్క మూలిగింది. "తమ్మీ... నీ తలుపు పాడుగాను!"

నవ్వు ఒక్క నిమిషం పక్కన పెట్టండి. ముందు తలుపు, వెనుక అక్క. ఆమెకేమన్నా అయితే ఈ చేతులు ఏం చేసుకోవాలో నాకు తోచలేదు.

చాచా పరుగున పోయి పక్కింటి ఎడ్ల జతను తోలుకొచ్చాడు. ఫ్యాక్టరీకి చెరుకు లాగిన ఎడ్లు అవి. తలుపు గొలుసుకు మోకు కట్టి, "చల్ రాజా!" అని అదిలించాడు. ఎడ్లు వంగాయి. తలుపు మూలిగింది. తాతనాటి మట్టిగోడ రాత్రంతా నాని ఉందేమో, తలుపు కంటే ముందు తానే ఓడిపోయింది. దర్వాజతో సహా తలుపు బోర్లా బురదలో పడింది. పడింది గానీ తెరుచుకోలేదు! నా బద్దలు అంత గట్టివి. దాని మీదినుంచే జీపు బయటికొచ్చింది.

మధ్యాహ్నానికి దవాఖాన వరండాలో ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. నేను గోడకు చేరగిలబడి ఆ పిల్లకంటే గట్టిగా ఏడ్చాను. నా గుండె మీదినుంచి ఆ తలుపు అప్పుడు దిగింది.

అక్క ఇంటికొచ్చిన రోజు, మనవరాలిని పడుకోబెట్టడానికి మెత్తని పంచె తెస్తానని బాపు చీకటి గదిలోకి పోయాడు. ఎంతకీ రాడు. వెళ్లి చూస్తే, సందుగలో ఆయన జరీపంచె మీద ఒక పిల్లి, దాని పొట్టకు అతుక్కుని కళ్లు తెరవని కూనలు. బాపు వాటివైపు చూశాడు, నావైపు చూశాడు. భయంతో మూత వేయబోయాను.

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "సందుగ అట్లనే ఉండనియ్యి. మూయకు."

ఈసారి సరిగ్గానే విన్నాను. ఆనాడే ఆ పిల్లి మీద ఒట్టేసి చెప్పాను: ఈ జన్మలో ఏ సందూ మూయను. బాపు బస్సు కిటికీలోంచి ఏమన్నా చెబితే, టికెట్టు కొనుక్కుని ఆ బస్సే ఎక్కి, పక్కన కూర్చుని, మళ్లీ అడిగి తెలుసుకున్నాకే దిగుతాను.